ప్రోలాగ్‌లో వెనుకటి అనుకూలత

ఒక ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వెర్షన్ వచ్చాక కూడా, పాత వెర్షన్‌లో రాసిన ప్రోగ్రాములు మార్పు లేకుండానో, కొద్దిపాటి మార్పుతోనో మునుపటిలాగే పనిచేయడాన్ని వెనుకటి అనుకూలత అంటారు. సాఫ్ట్‌వేర్ రంగంలో దీనికి ఎక్కువగా వినిపించే మాట బ్యాక్‌వర్డ్ కంపాటబిలిటీ. తర్క ప్రోగ్రామింగ్ భాషల్లో బాగా వ్యాప్తిలో ఉన్న ప్రోలాగ్ 1972లో పుట్టింది. దానికి ఒకే యజమాని లేడు, ఒకే కంపైలర్ లేదు. కాలం చెల్లిన ప్రెడికేట్లను (ప్రోగ్రాములో పేరుతో పిలిచే సంబంధాలను), రాత పద్ధతులను ఎంతకాలం మోయాలి, ఎలా మోయాలి అన్నది ప్రతి అమలు వ్యవస్థ విడిగా తేల్చుకుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌ను ఉదాహరణగా తీసుకుంటుంది. అందులో పాత ప్రెడికేట్ల కోసమే ‘బ్యాక్‌కాంప్’ అనే లైబ్రరీ ఉంది.

ప్రోలాగ్ సంప్రదాయంలో ప్రెడికేట్‌ను పేరు, దాని పక్కన ఏటవాలు గీత, ఆ తర్వాత ఆర్గ్యుమెంట్ల సంఖ్యతో సూచిస్తారు. అపెండ్/3 అంటే మూడు ఆర్గ్యుమెంట్లున్న అపెండ్. ఇక్కడ పేర్లన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి.

పరిధి, రకాలు

అనుకూలత నాలుగు స్థాయుల్లో తెగిపోవచ్చు. మొదటిది పేరు: ప్రెడికేట్ పేరు మారుతుంది, లేదా ఆర్గ్యుమెంట్ల వరుస మారుతుంది. రెండోది రాత: నిన్న చెల్లిన వాక్యనిర్మాణాన్ని పార్సర్ ఇవాళ ఒప్పుకోదు, లేదా ఒప్పుకుని మరోలా చదువుతుంది. మూడోది ప్రవర్తన: పేరు అదే, రాత అదే, ఫలితం మాత్రం వేరు. నాలుగోది బైనరీ: ముందే కంపైల్ చేసి దాచుకున్న ఫైలు, సి భాషలో రాసి జోడించిన భాగం కొత్త వెర్షన్‌లో లోడ్ కావు. నాలుగోదానికి మందు తెలిసిందే. మూల కోడ్ చేతిలో ఉంటే మళ్లీ కంపైల్ చేసుకోవాలి.

మొదటి స్థాయిలో పని తేలిక. కొత్త ప్రెడికేట్‌ను పిలిచే ఒక పంక్తి క్లాజును (నియమాన్ని) పాత పేరు మీద రాస్తే సరిపోతుంది. రెండు, మూడు స్థాయుల్లో అలాంటి అతుకు పనిచేయదు. ప్రోలాగ్ చరిత్రలో చిక్కులన్నీ దాదాపు అక్కడే వచ్చాయి.

చరిత్ర

ఫ్రాన్స్‌లోని మార్సేలో అలాన్ కోల్మెరోయర్, ఫిలిప్ రూసెల్ తొలి ప్రోలాగ్‌ను తయారు చేశారు. తర్కాన్ని ప్రోగ్రాముగా నడిపించవచ్చన్న సిద్ధాంత పునాదిలో ఎడిన్‌బరాకు చెందిన రాబర్ట్ కొవాల్‌స్కీ పాత్ర ముఖ్యమైనది. 1970ల రెండో భాగంలో ఎడిన్‌బరాలో డేవిడ్ వారెన్, సహచరులు డెక్-10 కంప్యూటర్ కోసం కంపైలర్ రాశారు. దాని రాత పద్ధతి మార్సే పద్ధతికి భిన్నం. పెద్ద అక్షరంతో మొదలైతే వేరియబుల్, చిన్న అక్షరంతో మొదలైతే ఆటమ్, క్లాజు చివర చుక్క వంటి నేటి ఆనవాళ్లు ఈ ఎడిన్‌బరా సంప్రదాయం నుంచి వచ్చినవే. 1981లో వెలువడిన క్లాక్సిన్, మెలిష్‌ల పాఠ్యపుస్తకం ఆ రాతనే తరగతి గదులకు చేర్చింది. తర్వాత వచ్చిన క్వింటస్, సిక్‌స్టస్, వైఏపీ, ఎస్‌డబ్ల్యూఐ వ్యవస్థలు అదే దారిలో నడిచాయి.

అయితే అప్పటికి రాతపూర్వక ప్రమాణం లేదు. డెక్-10 మాన్యువల్లో ఉన్నదే ప్రమాణంగా చెలామణీ అయింది. అందులో లేనిది ఎవరికి తోచినట్టు వారు కలుపుకున్నారు. ఐఎస్ఓ ప్రమాణం 13211 మొదటి భాగం 1995లో వచ్చింది. మాడ్యూళ్ల గురించిన రెండో భాగం 2000లో వచ్చినా, దాన్ని ఆచరణలో పెట్టినవారు తక్కువ. మొదటి భాగానికి 2007, 2012, 2017లలో సవరణలు జతయ్యాయి.

1995 ప్రమాణం వాడుకలో ఉన్న చాలా అంశాలను పక్కన పెట్టింది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ కోసం డెక్-10 నాటి సీ, టెల్, సీన్, టోల్డ్ ప్రెడికేట్ల స్థానంలో ఓపెన్, క్లోజ్‌తో నడిచే స్ట్రీములు వచ్చాయి. అక్షరాలు చదివే గెట్0 స్థానంలో గెట్_చార్, గెట్_కోడ్ వచ్చాయి. నేమ్/2 చేసే పనిని ఆటమ్_కోడ్స్, నంబర్_కోడ్స్ పంచుకున్నాయి. అసర్ట్/1కు ప్రమాణంలో చోటు దొరకలేదు, అసర్టా, అసర్ట్‌జెడ్ మాత్రమే మిగిలాయి. అయినా పాతవాటిని తీసేసిన వ్యవస్థలు అరుదు. కారణం పాఠ్యపుస్తకాలే. పాత పుస్తకం ముందు పెట్టుకుని ఉదాహరణలు టైపు చేసే విద్యార్థి ఏటా ఉంటాడు. క్లాక్సిన్, మెలిష్‌ల పుస్తకం ఐఎస్ఓ ప్రమాణానికి మారిన ఐదో కూర్పు 2003లో గానీ రాలేదు.

మౌన వైఫల్యం అనే ప్రత్యేక సమస్య

చాలా భాషల్లో పాత ఫంక్షన్ మాయమైతే ప్రోగ్రాము గట్టిగా ఆగిపోతుంది, లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ప్రోలాగ్‌లో ‘కాదు’ అన్నది కూడా సక్రమమైన జవాబే. ఒక గోల్ నెరవేరకపోతే వ్యవస్థ వెనక్కి వెళ్లి మరో దారి వెతుకుతుంది. ఏ దారీ లేకపోతే ఫాల్స్ అని చెబుతుంది. అనుకూలత తెగిన చోట కూడా ఇదే జరిగితే ప్రోగ్రాము ఆగదు, తప్పు జవాబు చెబుతుంది.

దీనికి తొలి ఉదాహరణ నిర్వచనం లేని ప్రెడికేట్. డెక్-10 కాలంలో నిర్వచించని ప్రెడికేట్‌ను పిలిస్తే అది విఫలమయ్యేది, అంతే. ఐఎస్ఓ ప్రమాణం దీన్ని మార్చింది. ‘అన్‌నోన్’ అనే ఫ్లాగ్ తొలి విలువ ‘ఎర్రర్’ కావాలని, అలాంటి పిలుపు ఎగ్జిస్టెన్స్ ఎర్రర్‌ను విసరాలని చెప్పింది. ఇంకా చేర్చని వాస్తవాలను ‘లేదు’ అనే అర్థంలో వాడుకున్న పాత ప్రోగ్రాములు ఈ మార్పుతో ఆగిపోయాయి. వాటికి రెండు దారులు మిగిలాయి: ఫ్లాగ్‌ను ‘ఫెయిల్’కు మార్చడం, లేదా ఆ ప్రెడికేట్‌ను డైనమిక్‌గా ప్రకటించడం. రెండోదే మేలైన దారి. మొదటిది పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా దాన్ని మూసిపెడుతుంది.

రెండో ఉదాహరణ ఇంకా సూక్ష్మమైనది. ఒక ప్రెడికేట్ క్లాజులను ఒకటొకటిగా పరిశీలిస్తున్న సమయంలో అదే ప్రెడికేట్‌కు కొత్త క్లాజు చేర్చితే, నడుస్తున్న గోల్‌కు అది కనిపించాలా? పూర్వం కొన్ని వ్యవస్థల్లో కనిపించేది, ఫలితంగా అంతులేని చక్రంలో పడే ప్రమాదం ఉండేది. గోల్ మొదలైన క్షణంలో ఉన్న క్లాజులే దానికి కనిపించాలన్న ‘లాజికల్ అప్‌డేట్ వ్యూ’ను లిండ్‌హోమ్, ఓకీఫ్ 1987లో ప్రతిపాదించారు. ప్రమాణం దాన్నే స్వీకరించింది. పాత ప్రవర్తన మీద ఆధారపడిన ప్రోగ్రామును ఏ లైబ్రరీ కూడా కాపాడలేదు, తిరిగి రాయాల్సిందే.

భాగహారం గుర్తు మరో మచ్చు. పూర్ణాంకాలు మాత్రమే ఉన్న డెక్-10లో 7/2 విలువ 3. నేటి ఎస్‌డబ్ల్యూఐలో 3.5. అదే వ్యవస్థలో 4/2 మామూలుగా 2, ‘ఐఎస్ఓ’ ఫ్లాగ్ పెడితే 2.0. ప్రోలాగ్‌లో 2, 2.0 ఏకీకరణ (యూనిఫికేషన్) చెందవు కాబట్టి, ఆ ఒక్క దశాంశ బిందువు వల్ల తర్వాతి గోల్ విఫలం కావచ్చు.

బ్యాక్‌కాంప్ లైబ్రరీ

ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌ను ఆమ్‌స్టర్‌డ్యామ్ విశ్వవిద్యాలయంలో యాన్ వీలెమాకర్ 1987లో మొదలుపెట్టారు. ఐఎస్ఓ ప్రమాణానికి ముందే పుట్టడం వల్ల దానికి సొంత ప్రెడికేట్లు చాలా ఉండేవి. ప్రమాణం వచ్చాక, ఇతర వ్యవస్థలతో పేర్లు కలుపుకున్నాక, పాతవి అనవసరమయ్యాయి. వాటిని కెర్నల్ నుంచి తీసి బ్యాక్‌కాంప్‌లో పెట్టారు. క్వింటస్, ఎడిన్‌బరా పేర్లతో ఉన్న మరో రెండు లైబ్రరీలు ఇదే పనిని ఇతర సంప్రదాయాల కోసం చేస్తాయి. రీకన్సల్ట్ లాంటి డెక్-10 నాటి ప్రెడికేట్ ఎడిన్‌బరా లైబ్రరీలో దొరుకుతుంది.

బ్యాక్‌కాంప్‌లో ఎక్కువ భాగం పేరు మార్పులే. ఫీచర్/2 ఇప్పుడు కరెంట్_ప్రోలాగ్_ఫ్లాగ్/2. ఫ్లష్/0 ఇప్పుడు ఫ్లష్_అవుట్‌పుట్/0. ఫ్రీ_వేరియబుల్స్/2 స్థానంలో టర్మ్_వేరియబుల్స్/2, హ్యాష్_టర్మ్/2 స్థానంలో టర్మ్_హ్యాష్/2, ప్రాపర్_లిస్ట్/1 స్థానంలో ఈజ్_లిస్ట్/1 వచ్చాయి. ఒక జాబితాలోని ప్రతి అంశం మీద గోల్ నడిపే చెక్‌లిస్ట్/2ను మ్యాప్‌లిస్ట్/2 మింగేసింది. షరతుకు సరిపోయే అంశాలను ఏరే సబ్‌లిస్ట్/3 ఇప్పుడు ఇన్‌క్లూడ్/3. ఈ మార్పు తప్పనిసరి అనే చెప్పాలి. సబ్‌లిస్ట్ అన్న పేరు చూసి ఉపజాబితా ఇస్తుందనుకోవడమే సహజం.

ముక్కలను అతికించే కాన్‌క్యాట్_ఆటమ్ బహుశా పాత కోడ్‌లో ఎక్కువగా తగిలే పేరు. దాని వారసుడు ఆటామిక్_లిస్ట్_కాన్‌క్యాట్. రెండు ఆర్గ్యుమెంట్లతో పిలిస్తే జాబితాను ఒక ఆటమ్‌గా అతుకుతుంది. మూడింటితో పిలిస్తే మధ్యలో విభజన గుర్తు పెడుతుంది, ఆ గుర్తు దగ్గర తిరిగి విడగొట్టగలదు కూడా. ఇప్పుడు బ్యాక్‌కాంప్‌లో కాన్‌క్యాట్_ఆటమ్ చేసేదల్లా వచ్చిన ఆర్గ్యుమెంట్లను కొత్త పేరుకు అందించడమే.

కొన్ని మాత్రం కేవలం పేరు మార్పులు కావు. వ్యాకరణ నియమాలు రాసే డీసీజీ పద్ధతిలో, టెర్మినల్ గుర్తులను పూర్వం ‘సి’/3 అనే ప్రెడికేట్‌కు పిలుపుగా అనువదించేవారు. ఇప్పుడు నేరుగా ఏకీకరణగా మారుస్తారు, ‘సి’/3 అవసరం పోయింది. దాన్ని చేత్తో పిలిచిన పాత కోడ్ కోసమే అది లైబ్రరీలో మిగిలింది. ఒక టర్మ్ మరోదాన్ని తనలో ఇముడ్చుకుంటుందా అని చూసే సబ్‌స్యూమ్స్_చెక్/2ది మరో కథ. 2012 సవరణ సబ్‌స్యూమ్స్_టర్మ్/2ను ప్రమాణంలో చేర్చడంతో సొంత పేరును పట్టుకు వేలాడాల్సిన పని లేకుండా పోయింది.

ఇండెక్స్/1, హ్యాష్/1 మూడో తరహా. ఏ ఆర్గ్యుమెంట్ల మీద సూచిక కట్టాలో ప్రోగ్రామర్ వీటితో ముందే ప్రకటించేవాడు. వెర్షన్ 5.11 శ్రేణిలో, అవసరం పడినప్పుడు వ్యవస్థే సూచిక కట్టుకునే పద్ధతి వచ్చాక ఈ ప్రకటనలకు పని లేదు. లైబ్రరీ వీటిని స్వీకరిస్తుంది, ఏ ప్రభావమూ లేదని హెచ్చరిస్తుంది. అడగకుండానే మెరుగైన ఫలితం అందుతున్నప్పుడు పాత ప్రకటనను దోషంగా చూపి ప్రోగ్రామును ఆపడంలో అర్థం లేదు కదా!

యంత్రాంగం

బ్యాక్‌కాంప్‌ను ప్రోగ్రామరు ప్రత్యేకంగా పిలవనక్కర్లేదు. నిర్వచనం లేని ప్రెడికేట్ ఎదురైనప్పుడు ఎస్‌డబ్ల్యూఐ వెంటనే దోషం చూపదు. ముందు లైబ్రరీల సూచికలో ఆ పేరు వెతుకుతుంది, దొరికితే ఆ లైబ్రరీని అప్పటికప్పుడు లోడ్ చేస్తుంది. దీన్ని ఆటోలోడ్ అంటారు. పాత ఫైలులో కాన్‌క్యాట్_ఆటమ్ కనబడిన క్షణంలో బ్యాక్‌కాంప్ లోడవుతుంది, ప్రోగ్రాము నడిచిపోతుంది. దీనివల్ల రెండు లాభాలున్నాయి. పాతవి వాడనివారికి అదనపు భారం పడదు. అదే పేరుతో వినియోగదారు సొంత ప్రెడికేట్ రాసుకుంటే, లైబ్రరీ అడ్డు రాదు.

ఇతర వ్యవస్థల కోడ్ కోసం ‘ఎక్స్‌పెక్ట్స్_డయలెక్ట్’ అనే డైరెక్టివ్ ఉంది. ఫైలు మొదట్లో ఇది వైఏపీ లేదా సిక్‌స్టస్ మాండలికం అని ప్రకటిస్తే, ఆ మాండలికానికి కేటాయించిన లైబ్రరీలు ముందు వరుసలోకి వస్తాయి, కొన్ని గోల్‌లు కంపైల్ సమయంలోనే మారిపోతాయి. ఈ ఏర్పాటు వైఏపీ రూపకర్తల్లో ఒకరైన వీటర్ సాంటోస్ కోస్టాతో కలిసి వీలెమాకర్ చేసిన కృషి నుంచి ఎదిగింది. ఇఫ్, ఎల్స్, ఎండిఫ్ డైరెక్టివ్‌లతో షరతు మీద కంపైల్ చేయడం దీనికి తోడు. ఒకే ఫైలులో రెండు వ్యవస్థలకూ రెండు నిర్వచనాలు పెట్టి, ఫలానా ప్రెడికేట్ ఉందో లేదో చూసి ఎంచుకోవచ్చు.

రాత స్థాయి తేడాలను ఫ్లాగ్‌లు చూసుకుంటాయి. డెక్-10లో ఉల్లేఖన గుర్తుల మధ్య వెనుక ఏటవాలు గీతకు ప్రత్యేక అర్థం లేదు. ఐఎస్ఓ దానికి అర్థం ఇచ్చింది. ఆ గీత తర్వాత టి అక్షరం వస్తే అది ట్యాబ్. పాత పద్ధతికి అలవాటు పడ్డవారు విండోస్ ఫైలు దారులను ఉన్నదున్నట్టు రాస్తే, ‘టెంప్’ అనే ఫోల్డర్ పేరులో మొదటి అక్షరం పోయి ట్యాబ్ వచ్చి కూర్చుంటుంది. ‘క్యారెక్టర్_ఎస్కేప్స్’ ఫ్లాగ్‌ను ఆపివేస్తే పాత అర్థం తిరిగి వస్తుంది.

వెర్షన్ 7లో చీలిక

అనుకూలతను తెలిసీ పక్కన పెట్టిన సందర్భం ఎస్‌డబ్ల్యూఐ వెర్షన్ 7. సంప్రదాయ ప్రోలాగ్‌లో జంట ఉల్లేఖన గుర్తుల మధ్య రాసిన మాట అక్షర సంకేతాల జాబితా. ‘తెలుగు’ అని అలా రాస్తే వ్యవస్థకు కనిపించేది ఆరు సంఖ్యల జాబితా: 3108, 3142, 3122, 3137, 3095, 3137. చూసే మనిషికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు వేరు కాబట్టి ఆరు. వ్యాకరణ విశ్లేషణకు జాబితా సౌకర్యమే గానీ, పెద్ద పాఠాలకు మెమరీ ఖర్చు ఎక్కువ. పైగా జాబితాను ముద్రిస్తే అంకెలు కనిపిస్తాయి, అది పాఠమో అంకెల పట్టికో తెలియదు. వెర్షన్ 7 నుంచి ఆ రాతకు స్ట్రింగ్ అనే విడి రకం అర్థమయింది. సంకేతాల జాబితా కావాలంటే వెనుక ఒంటి ఉల్లేఖన గుర్తు (బ్యాక్‌కోట్) వాడాలి.

దీని పర్యవసానం మౌన వైఫల్యం విభాగంలో చెప్పినట్టే ఉంటుంది. ఆటమ్_కోడ్స్ వంటి అంతర్నిర్మిత ప్రెడికేట్లు ఏ రూపంలో పాఠం వచ్చినా స్వీకరిస్తాయి, వాటికి దెబ్బ తగల్లేదు. డీసీజీ నియమాల్లో రాసిన స్ట్రింగులూ యథాతథంగా పనిచేస్తాయి. ఫ్రేజ్/2కు స్ట్రింగ్ ఇస్తే జాబితా కావాలంటూ టైప్ ఎర్రర్ వస్తుంది, కనీసం కారణం తెలుస్తుంది. కానీ అపెండ్/3కు మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే ఏ క్లాజు తలతోనూ అది కలవదు. దోష సందేశం ఉండదు, జవాబు ఫాల్స్. తల, తోకగా జాబితాను విడదీసే సొంత ప్రెడికేట్లన్నిటికీ ఇదే గతి.

అదే వెర్షన్‌లో జాబితా లోపలి నిర్మాణం కూడా మారింది. పూర్వం జాబితా ఫంక్టర్ చుక్క. చుక్కను డిక్ట్ అనే కొత్త దత్తాంశ రకం కోసం తీసుకోవడంతో, జాబితాకు చదరపు బ్రాకెట్ల మధ్య నిలువు గీత ఉన్న వేరే పేరు ఇచ్చారు. ఖాళీ జాబితా ఆటమ్ కాకుండా ప్రత్యేక స్థిరాంకం అయింది. చుక్కను నేరుగా రాసిన కోడ్ తక్కువే, కానీ ఉంది.

వెనక్కి దారి పూర్తిగా మూయలేదు. ‘ట్రెడిషనల్’ అనే కమాండ్ లైన్ ఎంపికతో మొదలుపెడితే పాత జాబితాలు, పాత ఉల్లేఖన అర్థం వస్తాయి. అంత అవసరం లేకపోతే ‘డబుల్_కోట్స్’ ఫ్లాగ్‌ను ఫైలు ఆరంభంలో ‘కోడ్స్’కు మార్చవచ్చు. ఆ మార్పు ఆ ఫైలుకే పరిమితం, ఇతర లైబ్రరీలను కదపదు. ఒక్కో ఫైలును తీరిక దొరికినప్పుడు మార్చుకోవడానికి ఇదే అనువైన పద్ధతి.

ఇతర వ్యవస్థల విధానాలు

సిక్‌స్టస్ మూడో వెర్షన్‌లో పాత పద్ధతి, ఐఎస్ఓ పద్ధతి రెండూ ఉండేవి, వినియోగదారు ఎంచుకునేవాడు. నాలుగో వెర్షన్ ఐఎస్ఓ పద్ధతినే ఉంచింది. వాణిజ్య వ్యవస్థ కాబట్టి కస్టమర్లకు వలస సమయం ఇచ్చి, తర్వాత గీత గీయడం దాని దారి. డానియెల్ డియాజ్ రూపొందించిన జీఎన్‌యూ ప్రోలాగ్ మొదటి నుంచీ ప్రమాణానికి దగ్గరగా నడిచింది. ఇటీవలి స్క్రయర్ ప్రోలాగ్‌లో జంట ఉల్లేఖన గుర్తుల మధ్య మాట డిఫాల్టుగా అక్షరాల జాబితా. అంటే ఒకే పంక్తి మూడు వ్యవస్థల్లో సంకేతాల జాబితా, స్ట్రింగ్, అక్షరాల జాబితా కావచ్చు. డబుల్_కోట్స్ ఫ్లాగ్ తొలి విలువను ప్రమాణం వ్యవస్థలకే వదిలేసింది కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం.

పాలో మౌరా రూపొందించిన లాగ్‌టాక్ మరో దారి చూపింది. అది ప్రోలాగ్ మీద నడిచే పొర. ఒక్కో వ్యవస్థ తేడాలను ఒక్కో అడాప్టర్ ఫైలులో బంధించి, పై కోడ్‌ను వాటికి దూరంగా ఉంచుతుంది.

గుర్తింపు, తొలగింపు

ఆటోలోడ్ సౌకర్యానికి ఒక చెరుపు ఉంది. ప్రోగ్రాము హాయిగా నడుస్తుంటే అది పాత ప్రెడికేట్ల మీద ఆధారపడిందన్న సంగతే ఎవరికీ తెలియదు. ఎస్‌డబ్ల్యూఐలో దీన్ని బయటపెట్టే సాధనాలున్నాయి. జీఎక్స్‌రెఫ్ అనే గ్రాఫిక్ సాధనం ఏ ఫైలు ఏ లైబ్రరీ నుంచి ఏమి తెచ్చుకుంటోందో చూపుతుంది. అందులో బ్యాక్‌కాంప్ పేరు కనిపించిన ప్రతి ఫైలూ సవరించాల్సినదే. లిస్ట్_ఆటోలోడ్/0 ఆటోలోడ్ మీద నడుస్తున్న పిలుపులను జాబితాగా ఇస్తుంది. ఆటోలోడ్ ఫ్లాగ్‌ను ఫాల్స్ చేస్తే దాగిన ఆధారాలన్నీ దోషాలుగా పైకి తేలతాయి. లైబ్రరీ మూలంలో ఒక్కో పాత ప్రెడికేట్ పైన ఉన్న వ్యాఖ్యలో ‘డిప్రికేటెడ్’ అన్న గుర్తు, దాని బదులు వాడాల్సిన పేరు ఉంటాయి. సవరణకు కూర్చున్నవారికి అన్నిటికంటే ఉపయోగపడేది ఈ వ్యాఖ్యలే.

వెర్షన్ సంఖ్యలు కూడా ఒక సూచన ఇస్తాయి. ఎస్‌డబ్ల్యూఐలో మధ్య అంకె సరి సంఖ్య అయితే స్థిర విడుదల, బేసి అయితే అభివృద్ధి విడుదల. 9.2 స్థిర శ్రేణి, 9.3 అభివృద్ధి శ్రేణి. పేర్లు మారేవి సాధారణంగా బేసి శ్రేణుల్లోనే కాబట్టి, రోజువారీ సేవలో ఉన్న ప్రోగ్రాములను సరి శ్రేణి మీద ఉంచి, బేసి శ్రేణి మీద పరీక్షలు మాత్రం నడపడం ఆనవాయితీ. ప్రోగ్రాము తనంతట తాను ‘వెర్షన్’ ఫ్లాగ్‌ను అడగవచ్చు. 9.2.7 అయితే 90207 అని జవాబు వస్తుంది. ఆ అంకెను పోల్చి చూసి, షరతు డైరెక్టివ్‌లతో పాత నిర్వచనాన్నో కొత్తదాన్నో కంపైల్ చేయించవచ్చు.